రిపోర్టులో జీన్ పేరు ఉంటే అది వంశానిదేనా?

వరంగల్‌లో ఇప్పుడు క్యాన్సర్ అనుమానంతో ఆస్పత్రికి వెళ్లిన మనిషి చేతికి రెండు రకాల కాగితాలు వస్తున్నాయి. ఒకటి ఎప్పటినుంచో ఉన్న బయాప్సీ రిపోర్టు. రెండోది కొన్నేళ్లుగా మామూలైపోయిన జీన్ టెస్టు. హన్మకొండలో శాంపిల్ తీసుకుంటారు, అది హైదరాబాద్‌కో ఇంకా పెద్ద ఊరికో పోతుంది, కొన్నాళ్లకు ఫోన్‌లో పీడీఎఫ్ వచ్చి పడుతుంది. అందులో బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్ అనో, ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ అనో, కేరాస్ అనో ఏదో ఒక జీన్, అంటే జన్యువు పేరు ఉంటుంది.

జీన్ అని కనపడగానే ఇంట్లో వేరే టెన్షన్ మొదలవుతుంది. "మా తాతలకు లేదు, నాయినకు లేదు, ఇదెట్ల వచ్చింది సారూ?" అని అడుగుతారు. "పిల్లకు సంబంధాలు చూస్తున్నం, ఈ కాగితం ఎవ్వరికీ చూపియ్యకుండ్రి" అని బతిమాలుతారు. మేనరికం చేసుకున్నందుకే వచ్చిందని అత్తగారి వైపు వాళ్లు, పుట్టింటి వైపు వాళ్లు ఒకరినొకరు ఆడిపోసుకోవడమూ ఉంది. మేనరికంలో రెండు వైపులా ఒకే కుటుంబం కదా అనేది ఆ సమయంలో ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ భయంలో చాలా భాగం అనవసరం. క్యాన్సర్ కణంలో కనిపించే జన్యు దోషాల్లో ఎక్కువ శాతం అమ్మానాన్నల నుంచి వచ్చినవి కావు, పిల్లలకు పోయేవీ కావు. ఆ మనిషి బతుకుతుండగానే, ఒంట్లోని ఏదో ఒక కణంలో పుట్టినవి. ఈ సంగతి తేల్చిన పరిశోధన, ఈ రోజు హన్మకొండ మందుల షాపులో దొరికే టాబ్లెట్‌ను పుట్టించిన పరిశోధన రెండూ ఒకటే. అందుకే ఆ చరిత్ర కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అంతకుముందు క్యాన్సర్ మందు అంటే వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొట్టే మందే. అందులోనూ మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిస్తున్న రోజుల్లో తయారైన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాను కొంతకాలమైనా అణచగలిగారు. అయితే ఆ మందుకు క్యాన్సర్ కణమేదో, మంచి కణమేదో తేడా తెలియదు. ఆ తేడా కనిపెట్టాలంటే ముందు క్యాన్సర్ కణం లోపల ఏం మారిందో చూడాలి.

మొదట చూసింది ఫిలడెల్ఫియాలో. పీటర్ నోవెల్ అనే డాక్టర్ ల్యుకేమియా కణాలను గాజు పలక మీద పెంచి, కడగడానికి మామూలు కుళాయి నీళ్లు వాడాడు. ఆ నీళ్లకు కణాలు ఉబ్బాయి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. అప్పట్లో వాటిని లెక్కపెట్టగలగడమే గొప్ప. అదే ఊళ్లో డాక్టరేట్ చేస్తున్న డేవిడ్ హంగర్‌ఫర్డ్‌తో కలిసి చూస్తే, క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే డాక్టర్లు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఒక క్రోమోజోము ఉండాల్సిన దానికన్నా పొట్టిగా కనిపించింది. 1960లో ఆ సంగతి ప్రకటించారు. ఊరి పేరు మీదే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు పడింది.

మన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ పొట్టి క్రోమోజోము రోగి ఎముక మజ్జలో పుట్టే రక్తకణాల్లోనే ఉంది, చర్మంలో లేదు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి సీఎంఎల్ వస్తే ఆ ఒక్కరి రక్తంలోనే అది కనిపించింది, రెండోవాళ్లలో లేదు. వంశం నుంచి వచ్చేదైతే ఇద్దరిలోనూ ఉండాలి కదా.

ఆ పోయిన ముక్క ఎటు పోయిందో పన్నెండేళ్ల దాకా ఎవరికీ తెలియలేదు. చికాగోలో నలుగురు పిల్లల్ని పెంచుకుంటూ పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేసిన జానెట్ రౌలీ క్రోమోజోముల ఫొటోలను ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పెట్టి కత్తెరతో కత్తిరించి జతలు కట్టేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఏడిపించేవారట. కొత్తగా వచ్చిన రంగు వేసే పద్ధతితో గీతలు పోల్చి చూస్తే, 22వ క్రోమోజోములో తగ్గిన ముక్క 9వ క్రోమోజోము చివర అతుక్కుని ఉంది. రెండూ ముక్కలు మార్చుకున్నాయన్నమాట. 1973లో ఆమె ఆ సంగతి ప్రచురించారు. క్రోమోజోముల్లో మార్పు క్యాన్సర్‌కు కారణమని చాలామంది అప్పటికీ ఒప్పుకోలేదు. క్యాన్సర్ వచ్చాక కణం చెడిపోయి అలా అయిందనే అనుకున్నారు.

ఆ మార్పిడి జరిగిన చోట రెండు జన్యువులు, బీసీఆర్, ఏబీఎల్, ఒకదానికొకటి అతుక్కుంటాయి. రిపోర్టులో కనిపించే పేరు అదే. అది ఏం చేస్తుందో తెలియాలంటే కణాల మధ్య నడిచే సిగ్నళ్ల సంగతి తెలియాలి. కణం తనంతట తాను పెరగదు. బయటినుంచి కబురు రావాలి, గోడ మీదున్న గ్రాహకం అందుకోవాలి, లోపల ఒక ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి కబురు ముందుకు పంపాలి. పని అయ్యాక ఆగిపోవాలి. ఫాస్ఫేట్ తగిలించే ఈ ప్రొటీన్లను కైనేజులు అంటారు.

ఇందులో పెద్ద మలుపు 1979లో, కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో వచ్చింది. టోనీ హంటర్ అనే శాస్త్రవేత్త ఫాస్ఫేట్ ఎక్కడ అంటుకుంటోందో చూసే ప్రయోగానికి కొత్త ద్రావణం కలుపుకోకుండా పాతదే మళ్లీ వాడాడు. వాడివాడి దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కు దిగిపోయింది. ఆ చిన్న తేడా వల్ల, ఎప్పుడూ ఒకే మచ్చగా కలిసిపోయి కనిపించేవి రెండుగా విడిపోయాయి. ఫాస్ఫేట్ టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి కూడా అంటుకుంటుందని అలా బయటపడింది. బద్ధకానికి దక్కిన బహుమతుల్లో ఇంత పెద్దది ఇంకోటి ఉండకపోవచ్చు. బీసీఆర్-ఏబీఎల్ కూడా అలాంటి టైరోసిన్ కైనేజే అని తర్వాత తేలింది. పొలం దగ్గర బోరు మోటారుకు ఆటో స్టార్టర్ బిగిస్తే ఎలా ఉంటుందో దీని పనీ అలాగే ఉంటుంది. ఎవరూ వెళ్లి నొక్కక్కర్లేదు, మడి నిండినా ఆగదు. తెల్లరక్తకణాలు పెరుగుతూనే పోతాయి. మామూలు సీబీపీ రక్త పరీక్ష చేయిస్తే లెక్క లక్ష దాటి ఉండటం, ఎడమవైపు ప్లీహం వాచి పొట్ట బరువెక్కడం అందువల్లే.

ఇలాంటి జన్యువులు బయటి వైరస్ తెచ్చిపెట్టేవి కావు, మన కణాల్లో ముందునుంచీ మంచి పనికి ఉన్నవే చెడిపోతాయని బిషప్, వార్మస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1976లోనే చూపించారు. 1989 నోబెల్ వాళ్లకు వచ్చింది.

ఇక మందు. స్విట్జర్లాండ్ కంపెనీ ప్రయోగశాలలో నికొలస్ లైడన్ బృందం తయారుచేసిన ఒక అణువు ఆ కైనేజు గాడిలో ఇరుక్కుని దాన్ని ఆపేస్తుందని ఒరెగాన్ డాక్టర్ బ్రయన్ డ్రూకర్ చూపించారు. ఈ జబ్బు ఉన్నవాళ్లు తక్కువ, మార్కెట్ ఉండదని కంపెనీ వెనకాడితే ఆయన పట్టువదల్లేదు. 1998 జూన్‌లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మేలో అమెరికాలో అనుమతి దొరికింది. అదే ఇమాటినిబ్, తర్వాత నోవార్టిస్ అయిన ఆ స్విట్జర్లాండ్ కంపెనీ పెట్టిన పేరు గ్లీవెక్.

వరంగల్‌లో తక్కువ ధరకు నిలబడటానికి దానికి ఏళ్ల తరబడి పేటెంటు గొడవ పట్టింది. అప్పట్లో గ్లీవెక్ నెలకు దాదాపు లక్షా ఇరవై వేలు ఉండేది. కంపెనీ చాలామంది రోగులకు ఉచితంగా ఇచ్చిన మాట నిజమే, కానీ మందు ధర దయ మీద నడవడం నాకు సరైనదనిపించదు. హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లోనే వీనాట్ పేరుతో ఇదే మందును తక్కువ ధరకు తెచ్చింది. మిగతా కంపెనీల జనరిక్‌లు కూడా నెలకు ఎనిమిది, పది వేలకు వచ్చాయి. నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును చెన్నై కార్యాలయం 2006లో కొట్టేసింది. పాత పదార్థానికి కొత్త రూపం ఇస్తే సరిపోదు, రోగికి గుణం పెరగాలి అనే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) మీద గొడవంతా నడిచింది. క్యాన్సర్ రోగుల సంఘం, నాట్కో వంటి కంపెనీలు అవతలి పక్షాన నిలబడ్డాయి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చింది. సీఎంఎల్ మన దేశంలో పాశ్చాత్య దేశాల కన్నా చిన్న వయసులోనే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాల్సిన టాబ్లెట్‌కు ఆ తీర్పు ఎంత అవసరమో సంపాదించే మనిషికి జబ్బు చేసిన ఇంటికి వివరించి చెప్పక్కర్లేదు.

ఇంత దాకా విన్నవాళ్లు జన్యువు తెలిస్తే మందు వచ్చేసినట్టే అనుకుంటారు. రాస్ అనే ఇంకో జన్యువు కథ అలా నడవలేదు. మూత్రాశయ క్యాన్సర్ నుంచి పెంచిన టీ24 కణాల్లో రాస్ జన్యువుకు, మామూలు కణంలోని రాస్‌కు తేడా ఎక్కడుందని 1982లో మూడు బృందాలు పోటీపడి వెతికాయి. అందులో ఒక బృందం తరఫున నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసానికి మొదటి రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన మనిషి. తేడా ఒకే ఒక్క అక్షరం. జి ఉండాల్సిన చోట టి ఉంది, అందువల్ల ప్రొటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ బదులు వాలీన్ వచ్చింది. ఆ ఒక్క మార్పుతో రాస్ పని ముగిశాక ఆగడం మరిచిపోతుంది.

మనిషి క్యాన్సర్‌లో మొట్టమొదట అక్షరం దాకా చదివిన దోషం అది. మందు మాత్రం దాదాపు నలభై ఏళ్లు దొరకలేదు. ఆ ప్రొటీన్ నున్నగా ఉంటుంది, మందు పట్టుకునే గుంత కనిపించదు. 2013లో అమెరికాలో కెవన్ షోకాట్ బృందం రాస్ జన్యువుల్లోనే ఒకటైన కేరాస్‌లో గ్లైసిన్ చోట సిస్టీన్ వచ్చిన రకానికి అలాంటి గుంత ఒకటి చూపించింది. 2021 మేలో సోటోరాసిబ్ అనే మందు వచ్చింది. అది సిస్టీన్ రకానికే పనిచేస్తుంది, ప్రేమ్‌కుమార్ రెడ్డి చదివిన వాలీన్ రకానికి కాదు. కాబట్టి రిపోర్టులో కేరాస్ అని ఉంటే అక్కడితో ఆగకుండా పక్కనున్న అంకె, అక్షరం కూడా డాక్టర్‌ను అడగాలి.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆ సిస్టీన్ రకం ఎక్కువగా పొగ తాగేవాళ్లలో కనిపిస్తుంది. పొగాకు పొగ డీఎన్ఏలో జిని టిగా మార్చే పని బాగా చేస్తుంది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు ఏరే చోటు నుంచి జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఇళ్ల దాకా ఎందరికో కూడు పెట్టే పని ఇదే కాబట్టి, మన దగ్గర ఈ మాట గట్టిగా అనేవాళ్లు తక్కువ. వంశం సంగతి అడిగేవాళ్లు మాత్రం చాలామంది.

వంశంలో వచ్చే క్యాన్సర్లు అసలు లేవని కాదు, అన్ని క్యాన్సర్లలో ఐదు నుంచి పది శాతం అలాంటివే. పిల్లల కంటి క్యాన్సర్ కేసులు 48 తిరగేసి, కొందరు ఒక జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయే పుడతారని, రెండోది తర్వాత చెడుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ లెక్కకట్టారు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో 17వ క్రోమోజోము వెంట నడుస్తోందని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ చూపించారు. అక్కడున్న జన్యువే బీఆర్‌సీఏ1. తల్లికి గానీ తండ్రికి గానీ ఉంటే ఒక్కో బిడ్డకు సగం అవకాశం. మన దగ్గర కుటుంబ చరిత్ర అడిగితే అమ్మ, అమ్మమ్మ, పిన్ని వరకే చెబుతారు. మేనత్తల సంగతి ఎవరూ చెప్పరు. తండ్రి నుంచీ అంతే వస్తుంది కాబట్టి అటువైపు కూడా చెప్పాలి.

చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం ఉంటే ఈ పరీక్ష అడగొచ్చు. దీనికి గడ్డ ముక్క చాలదు, రక్తంలోనో లాలాజలంలోనో చూడాలి. పాజిటివ్ వస్తే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, ఈడొచ్చిన పిల్లలకు చెప్పాలి, ఆడవాళ్లకు 25 ఏళ్ల నుంచే ఎంఆర్ఐతో చూసుకునే వీలుంటుంది. బీసీఆర్-ఏబీఎల్ ఉన్న తండ్రి పిల్లలకు మాత్రం ఏ టెస్టూ అక్కర్లేదు.