భూమి చుట్టూ తిరగకుండానే తిరిగే రాయి

భూమికి రెండో చంద్రుడు దొరికాడట, నిజమేనా అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తూ ఉంటుంది. 2024లో 2024 పీటీ5 అనే గ్రహశకలం బయటపడినప్పుడూ, 2025లో 2025 పీఎన్7 బయటపడినప్పుడూ ఇదే ప్రశ్న. కాదని ఒక్క మాటలో తేల్చివేయవచ్చు గాని, అలా తేల్చివేస్తే అసలు ముచ్చట జారిపోతుంది. రెండో చంద్రుడన్న శీర్షిక కనబడగానే ఏ రాశివారికి ఏ ఫలమో చెప్పడానికి సిద్ధమయ్యే వారిని పక్కన పెట్టి, ఈ కోవలో అందరికంటే బాగా పరిశీలనకు వచ్చిన కామోఓఅలెవా అనే గ్రహశకలాన్ని చూద్దాం.

హవాయి దీవుల్లో హలేయకలా పర్వతం మీదున్న పాన్‌స్టార్స్ దూరదర్శిని 2016 ఏప్రిల్ 27న దీన్ని కనిపెట్టింది. నలభై నుంచి వంద మీటర్ల రాయి. చంద్రుడి దూరానికి దాదాపు 38 రెట్ల కంటే దగ్గరకు రాదు, 100 రెట్లు దాటి పోదు. భూమి తన ఆకర్షణతో ఒక ఉపగ్రహాన్ని నిలకడగా పట్టి ఉంచగలిగే పరిధి సుమారు 15 లక్షల కిలోమీటర్లు మాత్రమే కాగా, ఈ రాయి అతి సమీపంలో ఉన్నప్పుడు కూడా కోటీ నలభై లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ దాని మీద సూర్యుడి ఆకర్షణ భూమి ఆకర్షణకు మూడు వేల రెట్లకు పైమాటే. అంటే అది తిరిగేది సూర్యుడి చుట్టూనే. అయినా భూమి మీద నిలబడి చూసేవారికి ఏడాదికొకసారి మన చుట్టూ తిరిగివస్తున్నట్టే కనిపిస్తుంది.

గుడి చుట్టూ తల్లీ పిల్లవాడూ ప్రదక్షిణ చేస్తున్నారనుకోండి. తల్లి ఒకే వేగంతో గుండ్రంగా నడుస్తోంది. పిల్లవాడు ఒకసారి గోడ పక్కగా పరుగెత్తి తల్లిని దాటిపోతాడు, తర్వాత బయటి వైపుకు జరిగి నెమ్మదిస్తాడు, తల్లి ముందుకు వెళ్లిపోయాక మళ్లీ వెనక నుంచి లోపలి వైపుకు చేరతాడు. ఇద్దరూ ఒక ప్రదక్షిణ పూర్తిచేసేది ఒకే సమయంలో. ఇద్దరి చూపూ గుడి మీదే. కాని తల్లి లెక్కలో పిల్లవాడు కుడి నుంచి ముందుకు, ముందు నుంచి ఎడమకు, ఎడమ నుంచి వెనక్కు, తన చుట్టూ ఒక చుట్టు చుట్టేశాడు. కామోఓఅలెవా చేసేది అచ్చం ఇదే. దాని దీర్ఘవృత్తపు ఉత్కేంద్రత, అంటే గుండ్రదనం నుంచి సాగిన మేర, సుమారు 0.1, అందువల్ల సూర్యుడికి అతి దగ్గరి చోటైన పరిహేళిలో భూకక్ష్యకు లోపలగా, వేగంగా సాగుతుంది, అతి దూరపు చోటైన అపహేళిలో బయటగా, మెల్లగా. లోపలికీ బయటికీ దాదాపు కోటిన్నర కిలోమీటర్ల చొప్పున, ముందుకూ వెనక్కూ అంతకు రెట్టింపు. కక్ష్యాతలం ఎనిమిది డిగ్రీల వరకు వంగి ఉండడంతో పైకీ కిందికీ కూడా ఊగుతుంది. బడిలో కెప్లర్ నియమాలు చెప్పేటప్పుడు సూర్యుడి దగ్గర నుంచి తప్ప భూమి దగ్గర నుంచి ఈ బొమ్మ ఎవరూ గీసి చూపించరు. చూపిస్తే మూడు నియమాలూ ఒక్క గీతలో పలుకుతాయి.

ఇంతవరకూ భూమి చేసిందేమీ లేదు. ప్రదక్షిణ కాలాలు కచ్చితంగా సమానం కావు గనుక, ఏళ్లు గడిచేకొద్దీ పిల్లవాడి చుట్టు మొత్తంగా ముందుకో వెనక్కో జరిగిపోవాలి. ముందుకు జరిగిందనుకుందాం. అప్పుడు ఆ చుట్టు వెనక అంచు భూమికి దగ్గరవుతుంది, ముందు అంచు దూరమవుతుంది. వెనక ఉన్నప్పుడు భూమి దాన్ని ముందుకు లాగుతుంది, ముందు ఉన్నప్పుడు వెనక్కు లాగుతుంది. దగ్గరి లాగుడే బలమైనది గనుక మొత్తం మీద రాయికి ముందుకు ఊపు దొరుకుతుంది. ముందుకు జరిగిపోతున్నదాన్ని ఇంకా ముందుకు నెడితే పారిపోవాలి కదా? పారిపోదు. ముందుకు నెట్టిన వస్తువుకు శక్తి పెరుగుతుంది, కక్ష్య పెద్దదవుతుంది, పెద్ద కక్ష్యలో ప్రదక్షిణకు ఎక్కువ కాలం పడుతుంది, కనుక అది వెనకబడుతుంది. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఇంజన్‌ను మండించి కక్ష్యను దఫదఫాలుగా పెంచినప్పుడు, మొదట పదకొండు గంటల లోపే ముగిసిన ఒక చుట్టు చివరికి రెండు రోజులు దాటింది, సూత్రం ఇదే. చుట్టు వెనక్కు జరిగితే సరిగ్గా తలకిందులుగా జరిగి, మళ్లీ ముందుకొస్తుంది. ఈ బలహీనమైన సవరింపు వల్లనే అది ఇప్పటికి దాదాపు శతాబ్దంగా భూమిని అంటిపెట్టుకొని ఉంది, ఇంకా కొన్ని శతాబ్దాలు ఉంటుంది.

అరిజోనాలోని లార్జ్ బైనాక్యులర్ టెలిస్కోప్‌తో తీసిన దాని వెలుగు వర్ణపటం చంద్రశిలలను పోలి ఉందని 2021లో తేలింది. ఏదో తాకిడికి చంద్రుడి నుంచి ఊడిన ముక్క కావచ్చన్నది ఒక బలమైన ఊహ; చంద్రుడి మీది 22 కిలోమీటర్ల జొర్దానో బ్రూనో బిలాన్ని జన్మస్థానంగా 2024లో కొందరు పరిశోధకులు సూచించారు. నాకు ఊహ నచ్చింది గాని, రాయి చేతికి అందేదాకా తీర్పు చెప్పలేం.

అందుకోవడమే కష్టం. అది 28 నిమిషాలకొకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. యాభై మీటర్ల రాయిగా లెక్కిస్తే, మధ్యరేఖ దగ్గర బయటికి విసిరివేసే బలం దాని సొంత ఆకర్షణకు సుమారు ఇరవై రెట్లు. అక్కడ వదులుగా ఉన్న గులకరాయి ఎగిరిపోతుంది. 2025 మే నెలాఖరులో చైనా పంపిన తియాన్‌వెన్-2 నౌక ఈ రాయి నేల నుంచే నమూనా తీసి 2027 చివరలో భూమికి చేర్చాలన్నది ప్రణాళిక. అందుకే తాకి వెంటనే పైకి లేచే పద్ధతితో పాటు, చేతులతో రాయిని పట్టుకొని అంటిపెట్టుకునే పద్ధతిని కూడా దానికి సమకూర్చారు.