20 ఏళ్ళు దాచారా? ఎక్కడ దాచారో ముందు చెప్పండి

ఈ ఏడాది నాకొచ్చిన ఇలాంటి ఫోన్లలో ఇది మూడోది. విజయవాడ నుంచి ఒక పెద్దాయన చేశారు. "బాబూ, మా అబ్బాయి ఇటలీ నుంచి తెచ్చిన బారోలో అనే రెడ్ వైన్ సీసా ఒకటుంది, 2004 పంట. మనవరాలి పెళ్ళికి తెరుద్దామని షోకేసులో భద్రంగా పెట్టాం. ఈపాటికి బాగా ఊరి ఉంటుంది కదా?" బిరడా మీది రేకు కింద జిగటగా ఉందేమో చూడమన్నాను. ఉందన్నారు. ఆ మాటతో నా మనసు చివుక్కుమంది.

ఇటలీలోని టూరిన్‌లో 14 ఏళ్ళుగా సొమెలియర్‌గా, అంటే వైన్ ఎంచి వడ్డించే నిపుణుడిగా పనిచేస్తున్నాను. నేను చూసినంతలో జనం డబ్బునీ ఆశనీ ఎక్కువగా మింగేసిన అపోహ ఒక్కటే: వైన్ ఎంత పాతబడితే అంత మంచిదట. ఎవరు పుట్టించారో గాని, ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. ఇటలీలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం కొన్నేళ్ళలో తాగేయడానికి చేసిందే. డొల్చెట్టో, బార్దొలీనో, రోజువారీ కియాంతి లాంటివి దాచిపెడితే పళ్ళ రుచి పోయి పులుపు మిగులుతుంది. దశాబ్దాలు నిలిచేవి కొన్నే. నెబ్బియోలో ద్రాక్షతో చేసే బారోలో, బార్బరెస్కో. సాంజొవేజే ద్రాక్షతో చేసే బ్రునెల్లో. దక్షిణాన కంపానియాలో అల్యానికో ద్రాక్షతో చేసే తౌరాజి.

మన ఆవకాయనే తీసుకోండి. మంచి కాయ, సరిపడా ఉప్పు, నూనె ఉంటేనే ఏడాది నిలుస్తుంది. నాసి కాయను జాడీలో ఎన్నాళ్ళుంచినా ముక్క మెత్తబడుతుంది తప్ప ఊరదు. నెబ్బియోలోకి పుట్టుకతోనే గట్టి వగరు, గట్టి పులుపు ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. నాలుక మీద పట్టేసే గుణం తగ్గుతుంది. బారోలోని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలని అక్కడి నిబంధన. ఇంకా ఎక్కువ కాలం ఉంచే రిజర్వా రకం అయితే 62 నెలలు.

జాడీ ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే కదా. బారోలో తయారయ్యే లాంగే కొండల్లో సీసాలు నేలమాళిగల్లో, చీకట్లో, 12-14 డిగ్రీల చల్లదనంలో పడుకుని ఉంటాయి. పడుకోబెడితే బిరడా తడిగా ఉంటుంది, ఎండి కుంచించుకుపోదు. విజయవాడ మే నెలలో షోకేసులో నిలబెట్టిన సీసాకి ఏమవుతుంది? వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను నెడుతుంది, పక్కనుంచి కారుతుంది. చల్లబడినప్పుడు లోపలికి గాలి లాక్కుంటుంది. ఆ జిగట అదే. ఒకటి రెండు ఎండాకాలాలు చాలు.

"అయితే మేమే పాడుచేశామా?" అన్నారాయన. ఆ గొంతు విని జాలేసింది. ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? రుచి చెడుతుందే గాని విషం కాదని, ఇంకా దాచకుండా ఈ ఆదివారమే తెరవమని చెప్పాను.

పాత వైన్ బాగుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఏటా చలికాలంలో ఎనిమిది మంది స్నేహితులం కలుస్తాం, తలా ఒక సీసా తెస్తాం. పోయిన నవంబర్‌లో 1996 బారోలో పోయగానే కొత్తగా వచ్చిన మన కుర్రాడొకడు, "అన్నా, రంగు తేలిపోయింది, ఇది పోయినట్టుంది" అన్నాడు. నెబ్బియోలో పడుచు వయసులోనే పలచని రంగు, తొందరగా ఇటుక రంగుకి తిరుగుతుంది. ముదురు రంగు ఉంటేనే బలమన్నది ఉత్త మాట. వాసన కూడా మొదట మూసి ఉంచిన గదిలా ఉంది. గ్లాసు పారబోయకుండా పట్టుకోమన్నాను. 40 నిమిషాలకి ఎండు గులాబీ, తారు, తోలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. వాడు గ్లాసులోంచి ముక్కు తీయలేదు.

అదే రాత్రి ఇంకో స్నేహితుడు పెళ్ళిరోజు కోసం దాచుకున్న బ్రునెల్లో తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. పాపం, తను సరిగ్గా దాచలేదనుకుని కుమిలిపోయాడు. కాదు. అది టీసీఏ అనే పదార్థం, సాధారణంగా బిరడా నుంచే వస్తుంది. వయసుతో, ధరతో, దాచిన తీరుతో సంబంధం లేదు. మూసిన గది వాసన గాలి తగిలితే పోతుంది, ఇది పోదు. అందుకే మేం ఎప్పుడూ ఒక సీసా అదనంగా ఉంచుకుంటాం.

వైన్‌కి గాలి తగలాలని పొద్దున్నే డికాంటర్‌లో, అంటే వెడల్పాటి గాజు కూజాలో పోసెయ్యాలంటారు. పడుచు బారోలో తట్టుకుంటుంది. 30 ఏళ్ళ సీసాలో మిగిలిన సువాసన మాత్రం అందులోనే ఆవిరైపోవచ్చు. నేను రెండు రోజుల ముందు సీసాను నిలబెడతాను, మడ్డి దిగాలి. రెండు గంటల ముందు తెరిచి ఒక గుక్క చూస్తాను. వడ్డించే ముందు సీసా మెడ వెనక లైటు పెట్టుకుని, మడ్డి కదలకుండా మెల్లగా వంపుతాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బిరడా పొడిపొడిగా రాలిందా? సన్నటి జాలీలో వడకట్టండి, వైన్‌కేమీ కాదు. అడుగున మెరిసే పలుకులు గాజు కాదు, చింతపండులో ఉండే ఆమ్లం తాలూకు లవణమే. రెడ్ వైన్‌ని గది వేడిలోనే తాగాలనే మాట యూరప్ పాత ఇళ్ళది. 16-18 డిగ్రీలుండాలి, హైదరాబాద్‌లో అయితే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. గుండెకు మంచిదని తాగకండి. ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే స్పష్టంగా చెప్పింది. మేం సీసాకి 50 మిల్లీలీటర్లకు మించి పోసుకోం, ఉమ్మడానికి గిన్నె పెట్టుకుంటాం, ఎవరూ బండి నడపరు.

పెద్దాయన సోమవారం మళ్ళీ ఫోన్ చేశారు. ఉడికిన రేగుపళ్ళ వాసన వచ్చిందట, రెండు గుక్కలు తాగి వదిలేశారట. అబ్బాయి ఈసారి వచ్చేటప్పుడు ఏం తెమ్మనమంటావని అడిగారు. దాచనక్కర్లేని బార్బెరా వైన్ తెమ్మనండి, వచ్చిన వారంలోనే తెరవండి అన్నాను.