అంగిలి అతుకును విడదీసే స్క్రూ

నాలుక కొసతో అంగిలిని తడిమి చూడండి. మధ్యలో, ముందు నుంచి వెనక్కి, సన్నటి గట్టు తగులుతుంది. దాని పైనే పైదవడ కుడి, ఎడమ ఎముకలు కలిసే అతుకు ఉంది. నోటికి కప్పుగా ఉన్న ఈ అంగిలే ముక్కుకు నేల. అది గూడులా ఎత్తుగా, ఇరుగ్గా ఉన్న పిల్లల్లో ముక్కు దారీ ఇరుకుగానే ఉండొచ్చు.

అతుకు ఇంకా ముదరని వయసులో దాన్ని మెల్లగా విడదీసే పరికరమే పాలటల్ ఎక్స్‌పాండర్. 1860లో ఎమర్సన్ ఏంజెల్ అనే అమెరికన్ దంతవైద్యుడు 14 ఏళ్ల అమ్మాయికి ఇలా చేశానని రాస్తే తోటివాళ్లు నమ్మలేదు. 1961లో ఆండ్రూ హాస్ మళ్లీ చేసి చూపాకే ఇది నిలదొక్కుకుంది.

దవడ పళ్లకు ఉక్కు బ్యాండ్లు సిమెంటుతో అతికిస్తారు. మధ్యలో స్క్రూ ఉంటుంది. చాలా స్క్రూల్లో ఒక్క తిప్పుకు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. రోజుకు ఒకటో రెండో తిప్పులు, డాక్టరు చెప్పినన్నే. స్క్రూను తిప్పే చిన్న కీని దాని రంధ్రంలో పెట్టి ముందు నుంచి గొంతు వైపుకు తోయాలి. తర్వాతి రంధ్రం పూర్తిగా కనబడితేనే తిప్పు పూర్తయినట్టు. ఎక్కువమంది పొరబడేది కీ తీసేటప్పుడు. ముందుకు లాగితే తిప్పిందంతా వెనక్కి పోతుంది. గొంతు వైపే ఇంకాస్త జరిపి, కిందికి దించాలి. కీకి దారం కట్టి ఆ కొసను వేలికి చుట్టుకోండి, జారితే పిల్లలు మింగేస్తారు.

తిప్పగానే ముక్కు దూలం దగ్గర కాసేపు ఒత్తిడిగా ఉంటుంది. ఒకటి రెండు వారాల్లో పై ముందు పళ్ల మధ్య సందు పడుతుంది. అమ్మానాన్నలు కంగారుపడేది అప్పుడే. నిజానికి అతుకు విడిందనడానికి మనకు కనిపించే గుర్తు అదే. చిగుళ్లలోని నారలు లాగడంతో కొన్ని నెలల్లో అది చాలావరకు తనంతట తనే మూసుకుంటుంది. వారాలు గడిచినా సందు పడకపోతే మాత్రం తిప్పడం ఆపి డాక్టరుకు చూపించాలి. ఎముక కదలకుండా పళ్లు మాత్రమే బయటికి వాలుతూ ఉండొచ్చు.

తిప్పడం పూర్తయ్యాక కూడా పరికరాన్ని ఇంచుమించు ఆర్నెల్లు నోట్లోనే ఉంచుతారు. విడిన చోట కొత్త ఎముక నిండాలి కదా! తొందరపడి తీయించేస్తే వచ్చిన వెడల్పులో కొంత తిరిగి పోతుంది.

ఇక ఊపిరి సంగతి. ముక్కు నేల కొంత వెడల్పవుతుంది, గాలికి అడ్డు తగ్గుతుంది. అయితే స్క్రూ తెరుచుకున్నంత మేరా ముక్కుకు దక్కదు, అందరు పిల్లలకూ ఒకేలా దక్కదు. నోరు తెరిచి నిద్రపోయే, గురక పెట్టే పిల్లల్లో చాలాసార్లు అసలు అడ్డం ఎడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే టాన్సిల్స్ లాంటి కణజాలం), టాన్సిల్సే. అందుకే స్క్రూ బిగించే ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి.

పెద్దల్లో కథ వేరు. యుక్తవయసు దాటేసరికి ఆ అతుకు చాలామందిలో గట్టిగా పెనవేసుకుపోతుంది. పళ్లకు తగిలించే స్క్రూతో బలవంతం చేస్తే చిగుళ్లు పైకి జరిగి, పంటి వేర్లు బయటపడొచ్చు. అంగిలి ఎముకలో మినీ స్క్రూలు దించి గానీ, ఆపరేషన్‌తో గానీ ప్రయత్నిస్తారు. తీసి పెట్టుకునే ప్లేటుతో పెద్దల దవడ పెరుగుతుందనే ప్రకటనలను నమ్మకండి. గురకకు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియాకు పెద్దలకిచ్చే పరికరం ఇంకొకటుంది. అది దవడను పెంచదు, రాత్రంతా కింది దవడను ముందుకు పట్టి ఉంచుతుంది, నాలుక వెనక దారి తెరిచి ఉంటుంది. తీసేస్తే గురక మళ్లీ మొదలు. పొద్దున్నే పళ్లు సరిగా కలవనట్టు అనిపిస్తే కాసేపు నమిలితే సర్దుకుంటుంది. మధ్యాహ్నానికీ సర్దుకోకపోతే పరికరాన్ని మళ్లీ సరిచేయించాలి.