కరోనా తొలి రోజుల్లో జనం: అపోహలు - వాస్తవాలు

అంటువ్యాధుల నిఘా నా వృత్తి. మందు రాయడం తక్కువ, ఆరా తీయడం ఎక్కువ: జ్వరం ఏ రోజు మొదలైంది, అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు. కమ్యూనిటీ మెడిసిన్ చదివి ఆశా కార్యకర్తల వెంట, ఏఎన్‌ఎమ్‌ల వెంట గడప గడపకూ తిరిగే మాలాంటివాళ్ళకు సూక్ష్మజీవుల కంటే మనుషులతోనే ఎక్కువ పని.

2020 జనవరి 30న కేరళలోని త్రిశూరులో దేశంలో మొదటి కరోనా కేసు బయటపడింది. మార్చి 2న హైదరాబాద్‌లో, మరో పది రోజులకు నెల్లూరులో మొదటి కేసులు వచ్చాయి. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అంది. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఆ రోజుల్లో వైరస్ మీద పుట్టిన అపోహలను ఖండిస్తూ ఇప్పటికే చాలామంది రాశారు. జనం మీద పుట్టిన అపోహలు మాత్రం చెక్కుచెదరలేదు. చదువుకున్నవాళ్ళ నోట, మా వైద్యుల నోట ఇవి ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటాయి. నేను రాసేది వాటి గురించి.

అపోహ: జనం బెంబేలెత్తి వివేకం కోల్పోయారు.

వాస్తవం: వివేకం కోల్పోయినట్టు కనిపించిన పనుల్లో చాలావాటి వెనక లెక్క ఉంది. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి 21 రోజులు అంతా బంద్ అన్నారు. చేతిలో ఉన్నది నాలుగు గంటలు. ఇంట్లో పసిపిల్లలో, బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్ళో ఉన్న మనిషి సంచీ పట్టుకుని కిరాణా కొట్టుకు పరుగెత్తకపోతేనే ఆశ్చర్యపోవాలి. టీవీలో మాత్రం అది 'ఎగబడిన జనం'.

ఆ మర్నాడూ, ఆ తర్వాతి రోజూ హైదరాబాద్ అమీర్‌పేట ప్రాంతంలో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు వరుస కట్టి, అనుమతి పత్రాలు తీసుకుని, బైకుల మీద, అద్దె కార్లలో బయలుదేరారు. గరికపాడు దగ్గర తెలంగాణ-ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో ఆపేశారు. ఒక రాష్ట్రం పొమ్మంది, ఇంకొక రాష్ట్రం రావద్దంది, మధ్యలో వంతెన మీద వాళ్ళు. వాళ్ళను చూసి 'బాధ్యత లేని యువత' అన్నవాళ్ళకు ఆ రాత్రి తలదాచుకోవడానికి ఇల్లుంది. ములుగు జిల్లా మిరప తోటల్లో పని ఆగిపోయాక అడవి దారిన ఛత్తీస్‌గఢ్‌కు నడిచిన కూలీలదీ ఇదే కథ. కూలి లేని చోట, తిండికి భరోసా లేని చోట ఉండిపోవడం వివేకం ఎలా అవుతుంది?

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షల మంది ఊరు విడిచారు. ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ గోళీలు మందుల దుకాణాల్లో మాయమయ్యాయి. జనాన్ని తిట్టిపోసినవాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది: ఊరు విడిచినవాళ్ళలో ప్రైవేటు వైద్యులు కూడా బాగానే ఉన్నారు.

మాస్కులు, శానిటైజర్లు దాచుకున్నారు కదా అంటారా, దాచుకున్నారు. వినియోగదారుల కంటే ఎక్కువగా వ్యాపారులు దాచారు. అందుకే కేంద్రం మార్చి 13న వాటిని నిత్యావసర సరుకుల చట్టం కిందికి తెచ్చి, ఆ తర్వాత మూడు పొరల మాస్కు 10 రూపాయలకు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలకు మించకూడదని ధర కట్టింది.

అపోహ: చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు చదువు లేనివాళ్ళ సృష్టి.

వాస్తవం: ఆ పుకారును వాట్సాప్‌లో మోసుకెళ్ళినవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళకు లోటేమీ లేదు. పైగా అది గాలిలోంచి ఊడిపడలేదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్ళను గుంపులుగా చంపి పాతిపెట్టిన దృశ్యాలు జనానికి గుర్తున్నాయి. ఈ వైరస్ మొదట బయటపడిన చైనా నగరం వూహాన్ అనగానే మాంసం మార్కెట్ చూపించారు. అన్నిటికీ మించి, కోళ్ళకు నిజంగానే ఒక కరోనా వైరస్ ఉంది. శ్వాసనాళాల జబ్బు తెచ్చే ఆ వైరస్‌ను 1930లలోనే గుర్తించారు, కోళ్ళ ఫారాల్లో దానికి టీకా మామూలే. అది మనుషులకు సోకదు. పుస్తకంలో ఆ పేరు చూసిన కుర్రవాడు ఫొటో తీసి గ్రూపులో పెడితే అతన్ని అజ్ఞాని అనలేం. సగం చదివాడు, అంతే. క్రిమిసంహారకం సీసా మీద 'కరోనా వైరస్‌ను చంపుతుంది' అని ఉందని, కాబట్టి ఇది ముందే తెలిసిన కుట్ర అని తిరిగిన ఫొటో కూడా ఇలాంటిదే. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు 1960ల నుంచే వైద్యులకు తెలుసు. ఆ సీసా మీద రాసింది వాటి గురించి.

కోడి ధర ఉత్పత్తి ఖర్చు కంటే కిందికి పడిపోయింది. ఫిబ్రవరి చివర హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదిక మీదే చికెన్ తిని చూపించారు. ఉద్దేశం మంచిదే. కానీ మంత్రి తిన్నాడు కాబట్టి భయం లేదనడం జనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఉడికించిన మాంసంలో వైరస్ బతకదని, ఈ జబ్బు తిండి నుంచి కాక సోకిన మనిషి శ్వాస, తుంపర్ల నుంచి వస్తుందని రెండు ముక్కలు చెబితే సరిపోయేది. తర్వాత రోగనిరోధక శక్తి పేరుతో అదే చికెన్‌కు మళ్ళీ గిరాకీ వచ్చి ధర ఎగబాకింది. కోళ్ళ రైతుల్లో చాలామంది అప్పటికే మునిగిపోయారు.

అపోహ: జనానికి ధైర్యం చెప్పాలంటే ప్రమాదాన్ని తగ్గించి చెప్పాలి.

వాస్తవం: ఇది అధికారుల అపోహ, నన్నడిగితే అన్నిటికంటే ఖరీదైనది. మార్చిలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ పారాసిటమాల్ పేరు చెప్పి భయపడవద్దన్నారు. దాని మీద జోకులకు కొదవ లేకపోయింది. న్యాయంగా చూస్తే అందులో సగం నిజముంది. తేలికపాటి జ్వరానికి అప్పుడు మా దగ్గర ఉన్నది కూడా అదే మాత్ర. అది జ్వరాన్ని దించుతుంది తప్ప వైరస్‌ను ఏమీ చేయదని, ఆయాసం వస్తే ఆలస్యం చేయవద్దని మిగతా సగం కూడా చెప్పాలి. ఆ సగం లేకపోవడం వల్ల విమానం దిగే ముందు పారాసిటమాల్ వేసుకుంటే థర్మల్ స్క్రీనింగ్‌లో పట్టుబడమనే తెలివి పుట్టింది. నిజానికి వేసుకోకపోయినా చాలామంది పట్టుబడేవాళ్ళు కాదు. సోకిన తర్వాత లక్షణాలు కనిపించడానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ లోపలే ఇంకొకరికి అంటించవచ్చు. నుదుటి ముందు పెట్టే పరికరానికి ఇవేమీ తెలియవు.

ఎండలు ముదిరితే వైరస్ చస్తుందన్న ఓదార్పు కూడా ఈ కోవలోదే. ఏడాది పొడుగునా ఉక్కపోసే సింగపూర్‌లో ఫిబ్రవరిలోనే కేసులున్నాయి. చూడదలచినవాళ్ళకు ఆ ఉదాహరణ అప్పుడే కళ్ళముందుంది. మన దగ్గర రెండో దెబ్బ పడింది 2021 ఏప్రిల్, మే నెలల్లో, రోళ్ళు పగిలే ఎండల్లోనే.

అపోహ: మాస్కు విషయంలో నిపుణులు మాట మార్చారు కాబట్టి వాళ్ళకేమీ తెలియదు.

వాస్తవం: మాట మార్చిన మాట నిజం. ఆరోగ్యవంతులకు మాస్కు అక్కర్లేదని మొదట్లో అన్నారు. 2020 ఏప్రిల్ మొదటి వారంలో మన కేంద్రం ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు వాడమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న ఆ దారికి వచ్చింది. లక్షణాలు లేనివాళ్ళ నుంచి ఇంతగా వ్యాపిస్తుందన్న సంగతి మొదట్లో తేలలేదు, తేలాక సలహా మారింది. ఇంతవరకూ ఇది శాస్త్రం నడిచే తీరే. అయితే ఇంకొక కారణం కూడా ఉంది: ఆసుపత్రుల్లో నర్సులకే మాస్కులు చాలడం లేదు. ఆ మాట సూటిగా చెప్పి 'వాటిని వాళ్ళకు వదలండి, మీరు కండువా కట్టుకోండి' అంటే జనం వినేవాళ్ళని నా నమ్మకం. దానికి బదులు 'మీకు పనికిరాదు, నర్సులకు కావాలి' అన్నారు. పనికిరానిది నర్సులకెందుకు అని పదో తరగతి పిల్లవాడు కూడా అడుగుతాడు. పోయిన నమ్మకం టీకాల వేళకు కూడా పూర్తిగా తిరిగి రాలేదు.

గుడ్డ మాస్కు అనగానే జనం అందుకున్న వేగం చూడవలసింది. తువ్వాళ్ళు, చీర కొంగులు, పాత చొక్కాలు, అన్నీ మాస్కులయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడు మాస్కులు ఇవ్వాలని ప్రభుత్వం తలపెడితే డ్వాక్రా మహిళలు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు.

అపోహ: సోకినవాళ్ళ ఇల్లు అందరికీ తెలిస్తే ఊరు జాగ్రత్తపడుతుంది.

వాస్తవం: ఊరు జాగ్రత్తపడదు, ఇల్లు దాక్కుంటుంది. ఎక్కువ చెప్పవలసింది దీని గురించే.

మార్చిలో విదేశాల నుంచి వచ్చినవాళ్ళ జాబితాలు జిల్లాలకు చేరాయి. ఆశా కార్యకర్త ఆ కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడి అడిగే ప్రశ్న: "అమ్మా, మీ ఇంట్లో బయటి దేశం నుంచి ఎవరైనా వచ్చారా?" నేను వెంట ఉన్న ఒక ఇంట్లో ఆ తల్లి రాలేదంది, మొహం నిబ్బరంగానే పెట్టుకుని. వరండాలో పెద్ద సూట్‌కేసు ఉంది, పిడికి విమానం వాళ్ళు చుట్టిన కాగితం పట్టీ ఇంకా తీయలేదు. ఆశా అమ్మాయి అది చూసి కూడా చూడనట్టే ఉంది. గొంతు తగ్గించి, "అత్తా, బాబుకు జ్వరమేమైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, గేటుకు కాగితం అంటించకుండా మాట్లాడతాను" అంది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. నేను స్టెతస్కోపు వేసుకుని గద్దించి ఉంటే వచ్చేది కాదు.

ఆ తల్లి భయపడింది వైరస్‌కు కాదు. చేతి మీద వేసే క్వారంటైన్ ముద్రకు, గేటుకు అంటించే నోటీసుకు, పాలవాడు ఆగిపోవడానికి, పెళ్ళి కావలసిన కూతురు గురించి వీధిలో పుట్టే మాటకు. కర్ణాటకలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ళ చిరునామాల జాబితాలే బయటికి వచ్చాయి. ఇళ్ళకు పోస్టర్లు అంటించనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పేసరికి డిసెంబరు వచ్చింది.

ఈ సిగ్గు ఎంతవరకు తీసుకుపోతుందో ఫిబ్రవరిలోనే తెలిసింది. చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకు కరోనా సోకిందని, తనవల్ల ఇంటిల్లిపాదికీ వస్తుందని నమ్మి ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు.

మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ అనే ముస్లిం సంస్థ సమావేశం నుంచి వచ్చినవాళ్ళలో కేసులు బయటపడ్డాయి. వ్యాప్తి నిజమే. మూసిన గదుల్లో వందల మంది రోజుల తరబడి కలిసి ఉంటే, వాళ్ళు ఏ దేవుడిని కొలిచినా, జరిగేది అదే. దాన్ని మతానికి అంటగట్టి పండ్ల బండ్లవాళ్ళను కూడా వీధుల్లోంచి తరిమాక, పరీక్షకు రావలసినవాళ్ళు ముందుకు వస్తారా? నిఘా చేసేవాడికి ఇంతకంటే పెద్ద అడ్డంకి లేదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలను రోడ్డు మీద 'కరోనా' అని పిలిచినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

ఆ సెగ మాకూ తగిలింది. విధులకు వెళ్ళి వచ్చే వైద్యులను, నర్సులను అద్దె ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. చెన్నైలో కరోనాతో పోయిన ఒక న్యూరోసర్జన్ అంత్యక్రియలకు రాళ్ళతో అడ్డుపడ్డారు. ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలు అంది. (మృతదేహం శ్వాస తీసుకోదు, దగ్గదు. తగిన జాగ్రత్తలతో పూడ్చినా, కాల్చినా చుట్టుపక్కల ఇళ్ళకు వచ్చే ముప్పేమీ లేదు.)

అపోహ: ఏదో ఒకటి చల్లితే జనానికి భరోసా, నష్టమేముంది?

వాస్తవం: నష్టముంది. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఊళ్ళకు తిరిగివచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ ద్రావణం చల్లారు. మన రైతు బజార్ల ముందు సొరంగాలు కట్టి మనుషుల మీద అదే మందు పిచికారీ చేశారు. కళ్ళు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడదు, ఒంట్లోకి చేరిన వైరస్‌కు ఏమీ కాదు. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద చల్లవద్దని చెప్పాల్సి వచ్చింది. రోడ్ల వెంబడి బ్లీచింగ్ పౌడర్ గీతలు గీయడం మాత్రం మా శాఖకు పాత అలవాటు. కలరా నాటి ఆస్తి.

అపోహ: ఉమ్మెత్త, కషాయం, చప్పట్లు: అన్నీ ఒకటే మూఢత్వం.

వాస్తవం: ఒకటి కావు. జనతా కర్ఫ్యూ నాడు కొట్టిన చప్పట్ల కంపనాలకు వైరస్ చావదు, ఎవరికీ హాని లేదు. అల్లం, మిరియాల కషాయం గొంతుకు హాయి, అంతకు మించి ఆశించకూడదు. ఉమ్మెత్త విషం. ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో వీడియో చూసి ఉమ్మెత్త గింజల రసం తాగినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. ఇరాన్‌లో మద్యం వైరస్‌ను చంపుతుందని నమ్మి మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగి వందల మంది చనిపోయారు. అన్నిటినీ ఒకే గాటన కట్టి వెక్కిరిస్తే, కషాయం తాగే ముసలమ్మ ఉమ్మెత్త గురించి మనం చెప్పే మాట కూడా వినదు.

అపోహ: ఊరి పొలిమేరలో ముళ్ళకంప వేయడం ఆటవికం.

వాస్తవం: ఈ మాట అన్నవాళ్ళు గేటెడ్ కమ్యూనిటీల్లో పనిమనిషిని రానివ్వకుండా తలుపు వేసుకున్నవాళ్ళే. రాకపోకలు తగ్గితే వ్యాప్తి తగ్గుతుంది, పల్లె కంచె వెనక ఉన్న ఆలోచన అదే. చిక్కల్లా 108 అంబులెన్సు వచ్చినప్పుడు, పురుడు పోయవలసిన మనిషి ఉన్నప్పుడు. కాపలా కుర్రాళ్ళ దగ్గర ఆశా కార్యకర్త ఫోన్ నంబరు ఉన్న ఊళ్ళలో కంప పక్కకు జరగడానికి రెండు నిమిషాలు పట్టింది. లేని ఊళ్ళలో సర్పంచి నిద్రలేచేదాకా అంబులెన్సు పొలిమేరలోనే నిలబడింది.