ఆకు ఒప్పుకుంటేనే అక్షరం

తాటాకును వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి నారలు బారులు తీరి కనిపిస్తాయి. ఇనుప గంటం మొనతో ఆ నారలను కోస్తూ పైనుంచి కిందికి గీస్తే గీత ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. నారల వెంబడి పొడవుగా లాగితే మాత్రం మొన రెండు నారల సందులో దూరి జారిపోతుంది. ఆకు అప్పటికప్పుడు చీలకపోయినా, నాలుగు వేసవులు గడిచేసరికి ఆ గీత నోరు తెరుస్తుంది. వంపు తిరిగిన గీతకు ఈ బాధ లేదు, అది ఏ నార వెంటా ఎక్కువ దూరం నడవదు.

తెలుగు, కన్నడ, ఒడియా, సింహళ, బర్మా లిపులు గుండ్రంగా ఉండడానికి ఇదే కారణమని చాలామంది చెబుతారు. ఇందులో నిజం ఉంది. దేవనాగరి అక్షరం నెత్తిన అడ్డగీత ఉండే చోట ఒడియాలో గొడుగులాంటి వంపు, మనకు చిన్న తలకట్టు ఉన్నాయి. అయితే అదే ఆకు మీద తమిళులూ రాశారు, వాళ్ల లిపిలో తిన్నటి గీతలకు కొదవలేదు. కాబట్టి గుండ్రదనాన్ని ఆకే పుట్టించిందనడం కన్నా, వంపును పోషించి తిన్నటి గీతను అదిలించిందనడం సబబు. తమిళులు ఇచ్చుకున్న మూల్యం వేరు. హల్లు మీద పెట్టే చుక్కను తాళపత్రాల్లో చాలాసార్లు వదిలేశారు. గంటంతో చుక్క పొడిస్తే ఆకుకు చిల్లు పడుతుంది మరి. ఏది పొల్లో, ఏది అకారాంతమో చదివేవాడే తేల్చుకోవాలి.

ఈ వాదానికి గట్టి సాక్ష్యం ఉత్తరాన దొరుకుతుంది. నేపాల్, బీహార్, బెంగాల్ ప్రాంతాల లేఖకులూ తాళపత్రాలే వాడారు, కానీ గంటంతో గీకలేదు. రెల్లు కలంతో, సిరాతో రాశారు. సిరా ఆకును కోయదు. అందుకే అక్కడ తలమీది గీత నిక్షేపంగా బతికింది. అంటే తేడా తెచ్చింది ఆకు ఒక్కటే కాదు, ఆకూ పనిముట్టూ కలిసి తెచ్చాయి.

ఆకులో రెండు రకాలు. మనకు చేతికందేది తాటి, దళసరిగా మొండిగా ఉంటుంది. శ్రీతాళం ఆకు పలచన, వెడల్పు ఎక్కువ, సులువుగా వంగుతుంది. ఆ చెట్టు ముప్ఫై నుంచి ఎనభై ఏళ్లు పెరిగి, బతుకులో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. ఏ ఆకైనా కోతలోనే సగం పని ఉంది. ముదురాకు పెళుసు, మరీ లేతాకు ఎండితే ముడుచుకుపోతుంది. అప్పుడప్పుడే విచ్చుకుంటున్న మట్ట కోసి, ఈనె తీసేసి, నీళ్లలో ఉడకబెట్టి (కొన్నిచోట్ల పసుపు కూడా వేసి), నీడలో ఆరబెడతారు. ఎండలో ఆరేస్తే వంకరపోతుంది. తర్వాత బరువు కింద పేర్చి, గవ్వతోనో నున్నటి రాయితోనో రుద్ది, ఒకే కొలతకు కత్తిరిస్తారు. తాడు పోవడానికి వేసే రంధ్రం తాడు కన్నా కాస్త పెద్దగా ఉండాలి. బిగుతుగా ఉంటే ఆకు తీసి పెట్టినప్పుడల్లా తాడు ఒరుసుకుని, రంధ్రం నుంచి నారల వెంటే చీలిక మొదలవుతుంది. రంధ్రం చుట్టూ కొంత జాగా రాయకుండా వదిలింది అందుకే.

గంటంతో రాసిన అక్షరం మొదట సరిగా కనపడదు. దీపపు మసిని నూనెలోనో ఆకు పసరులోనో కలిపి ఆకంతా పులిమి, గుడ్డతో తుడిస్తే పైమసి పోయి గాట్లలోది నిలుస్తుంది. ఎన్నేళ్లకైనా అక్షరాలు వెలిసిపోతే మళ్లీ మసి పూయవచ్చు. తప్పు రాస్తే మాత్రం చెరపడానికి లేదు. కొట్టేసి ముందుకు సాగాలి, వదిలేసిన అక్షరాన్ని హంసపాదు పెట్టి కిందో పైనో ఇరికించాలి.

మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పులో పట్టేవి అయిదారు పంక్తులు. జాగా అంత ఖరీదైనప్పుడు పద్యానికో పాదానికో కొత్త పంక్తి ఎవడిస్తాడు? పద్యాన్నీ వచనంలా ఏకబిగిన, పదాల మధ్య ఎడం లేకుండా రాసుకుపోయారు. పాదం ఎక్కడ విరుగుతుందో గణాలు చెబుతాయి. వృత్తాల్లోనూ కందంలోనూ ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలన్న ప్రాస నియమం ఇక్కడ కాపలావాడి పని చేస్తుంది. నకలు రాసే రాయసగాడు ఒక అక్షరం మింగేస్తే నడక కుంటుతుంది, ప్రాస తప్పితే చదివే నాలుకకే తెలిసిపోతుంది. వచనానికి ఈ రక్షణ లేదు. మన పాత వాఙ్మయంలో వైద్యం, గణితం దాకా పద్యంలో ఉండడానికి కంఠస్థం చేసే సౌలభ్యం ఒక కారణమైతే, నకలులో తప్పు పట్టే ఈ సౌలభ్యాన్నీ దాని పక్కనే లెక్క వేయాలి.

ఇదే కాలంలో ఐరోపాలో పుస్తకమంటే తోలు. దూడ, గొర్రె, మేక చర్మంతో చేసిన పార్చ్‌మెంట్. మన లందలో తంగేడు చెక్కతో ఊరబెట్టి తీసే చెప్పుల తోలుకూ దీనికీ పోలిక లేదు. దీన్ని ఊరబెట్టి పదును చేయరు, బిగలాగి ఆరబెడతారు. చర్మాన్ని ముందు కొన్ని రోజులు సున్నపు నీళ్లలో నాననిస్తే వెంట్రుకల కుదుళ్లు వదులవుతాయి. మొద్దు కత్తితో వెంట్రుకలు గీకి, కడిగి, చెక్క చట్రానికి కడతారు. చర్మానికి చిల్లులు పొడిచి తాడు కడితే బిగించగానే అక్కడే చిరిగిపోతుంది. అందుకని అంచులో చిన్న గులకరాయి పెట్టి, దాని మీదుగా చర్మాన్ని ముడివేసి, ఆ ముడికి తాడు బిగిస్తారు. ఆరేకొద్దీ మేకులు తిప్పి ఇంకా లాగుతారు. లాగుడుకు లోపలి నారలు అడ్డదిడ్డంగా ఉన్నవి కాస్తా పరచుకుని పొరలుగా అమరిపోతాయి. పార్చ్‌మెంట్ తెల్లగా, గట్టిగా ఉండే రహస్యం అదే.

గీకే కత్తి చంద్రవంకలా ఉంటుంది. కోణాలున్న కత్తైతే మూల తగిలి బిగువు మీదున్న తోలు పర్రున చిరుగుతుంది. అయినా పొరపాట్లు జరిగేవి. ఆవగింజంత గాటు లాగుడుకు సాగి రూపాయి బిళ్లంత గుండ్రటి కన్నం అయ్యేది. అంత ఖర్చు పెట్టిన తోలును పారేయలేక లేఖకులు ఆ కన్నం చుట్టూ తిరిగి రాశారు. పదం సగం ఇటు, సగం అటు.

ఖర్చు ఎంతో ఒక పుస్తకం చెబుతుంది. ఇంగ్లండ్ ఈశాన్యాన వేర్మత్-జారో మఠంలో క్రీ.శ. 700 ప్రాంతంలో రాసిన బైబిల్‌ను కోడెక్స్ అమియాటినస్ అంటారు. 1030 ఆకులు, దాదాపు 34 కిలోల బరువు. ఒక చర్మానికి రెండు ఆకుల చొప్పున లెక్కేస్తే 515 పశువులు. ఆ మఠం అలాంటివి మూడు రాయించింది. పూర్తిగా మిగిలింది ఇదొక్కటే, ఇప్పుడు ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఉంది.

తోలుకు రెండు ముఖాలు. వెంట్రుకల వైపు పసుపు ఛాయ, మాంసం వైపు తెలుపు. పుస్తకం తెరిస్తే ఎదురెదురు పుటలు ఒకే రంగులో ఉండాలని పసుపుకు పసుపు, తెలుపుకు తెలుపు ఎదురయ్యేలా మడతలు పేర్చేవారు. గాలిలో చెమ్మ మారితే తోలు తన పాత జంతువు ఆకారం గుర్తొచ్చినట్టు వంకర తిరుగుతుంది. ఆ కాలపు పుస్తకాలకు చెక్క అట్టలూ లోహపు కొక్కేలూ ఉన్నది అలంకారానికే కాదు, పుటలను నొక్కిపెట్టడానికి.

సిరా మన పచారీ కొట్టు సరుకులతోనే తయారవుతుంది. మాచికాయ, అన్నభేది, తుమ్మ బంక. మాచికాయలోని వగరు పదార్థం అన్నభేదిలోని ఇనుముతో కలిస్తే, రాసేటప్పుడు పాలిపోయినట్టున్న గీత గాలి తగిలి నల్లబడి తోలులోకి దిగుతుంది. అన్నభేది పాలు ఎక్కువైతే ఆ సిరా పుటనే తినేస్తుంది, అక్షరాల ఆకారంలో కన్నాలు పడతాయి. తప్పు దిద్దడం మాత్రం తాటాకు కన్నా సులువు. లేఖకుడి కుడిచేతిలో ఈక కలం, ఎడమచేతిలో కత్తి ఉండేవి. తప్పును గీకేసి అక్కడే రాయవచ్చు.

ఆ సులువే ముప్పు కూడా. ఒక అక్షరాన్ని గీకగలిగినవాడు గ్రంథం మొత్తాన్నీ గీకగలడు. కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) పదో శతాబ్దంలో నకలు చేసిన ఆర్కిమెడీస్ గణిత గ్రంథాన్ని తర్వాత ఎవరో చెరిపి, ఆకుల్ని సగానికి మడిచి, అడ్డంగా తిప్పి, 1229లో ప్రార్థన పుస్తకం రాసుకున్నారు. మరెక్కడా దొరకని రచనలు అందులో ఉన్నాయి. వాటిలో కొన్ని పుటలు మళ్లీ చదవగలిగామంటే సిరాలోని ఇనుము పుణ్యమే. ఇరవయ్యో శతాబ్దంలో కొన్ని పుటల మీద ఎవరో పాతవిగా భ్రమింపజేసే దొంగ బంగారు బొమ్మలు కూడా వేశారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర ఎక్స్ కిరణాలతో ఆ పుటల్ని తడిమితే, బొమ్మ కింద, ప్రార్థన కింద, ఇనుము ఉన్నచోటల్లా గ్రీకు అక్షరాలు తేలాయి. గీకిన గంటపు గాటు కూడా ఇంత మొండిగా నిలవదేమో.

కాగితం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. చైనాలో పుట్టి, మధ్య ఆసియాలోని సమర్‌కండ్ మీదుగా ఎనిమిదో శతాబ్దం చివరికి బాగ్దాద్ చేరింది. అక్కడ నార గుడ్డపేలికలు నానబెట్టి దంచి, గంజి పెట్టి, రాయితో నున్నగా రుద్దారు. ఆ గంజి పురుగులకు విందు. ఐరోపావాళ్లు తర్వాత గంజి బదులు జంతువుల తోళ్ల నుంచి తీసిన జిగురు వాడారు. కాగితం మన్నికపై నమ్మకం లేక పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1231లో ప్రభుత్వ పత్రాలు కాగితం మీద రాయవద్దని ఆజ్ఞ వేశాడు.

కాగితం మన దేశంలోకి వచ్చాక జరిగిన వింత గుజరాత్ జైన గ్రంథాల్లో కనిపిస్తుంది. కాగితాన్ని ఏ కొలతకైనా కోయవచ్చు, దానికి తాడూ అక్కర్లేదు. అయినా పాత అలవాటు కొద్దీ ఆకులాగే పొడవుగా కోశారు. తాడు పోయే రంధ్రం ఉండాల్సిన చోట రాయకుండా జాగా వదిలి, అందులో ఎర్రటి చుక్క దిద్దారు. లేని రంధ్రానికి బొట్టు పెట్టినట్టు.

ఏ పుస్తకం ఎంతకాలం బతికిందన్నది చివరికి గాలిని బట్టే. కాఠ్మాండూ చల్లదనంలో 878 నాటి సుశ్రుత సంహిత తాళపత్ర ప్రతి ఇప్పటికీ ఉంది. మన తీరపు ఉక్కలో, చెదల మధ్య, మూడు నాలుగు వందల ఏళ్లు దాటిన తాటాకు అరుదు. నన్నయ చేతిరాత మనకు లేదు. ఆకు శిథిలం కాకముందే మరో ఆకు మీదికి ఎక్కించుకుంటూ వచ్చిన తరాల రాయసగాళ్ల నకళ్లే ఉన్నాయి. ఇప్పుడు గ్రంథాలయాల్లో ఆకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. పెళుసుదనం తగ్గుతుంది, వాసనకు పురుగు రాదు.

ఆకును నమ్మనివాళ్లూ ఉన్నారు. తాళ్లపాకవారు అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని అరలో భద్రపరిచారు. రెండు వేలకు పైగా రేకులు, వాటిలో వేలాది పాటలు. రాగికి నారలు లేవు, ఎటు గీసినా చీలదు. అయినా చెక్కినవాళ్ల చెయ్యి ఆకు దగ్గర నేర్చుకున్న ఆ గుండ్రటి అక్షరాలనే చెక్కింది.