తిరుపతి ఓటు: జాబితాలో పేరు ఎలా చేరింది, పెట్టె ఎలా మారింది

తిరుపతిలో దొంగ ఓట్ల మాట వస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 2021 ఏప్రిల్ 17 నాటి లోక్‌సభ ఉపఎన్నికే. ఎంపీ బల్లి దుర్గాప్రసాద్ మరణంతో వచ్చిన ఎన్నిక అది. బయటి ఊళ్ల మనుషుల్ని బస్సుల్లో తెచ్చి దించారని, స్థానికుల పేర్లున్న ఓటరు కార్డులు వాళ్ల చేతుల్లో పెట్టారని ప్రతిపక్షాలు పోలింగ్ రోజే ఫిర్యాదు చేశాయి. ఓటర్ల నమోదు అధికారి లాగిన్‌తో వేల సంఖ్యలో ఎపిక్ (ఫొటో ఓటరు గుర్తింపు) కార్డులు డౌన్‌లోడ్ అయ్యాయన్న సంగతి తర్వాత విచారణకు వచ్చింది. అప్పట్లో ఆ బాధ్యతలో ఉన్న అధికారి 2024 జనవరిలో సస్పెండ్ అయ్యారు.

అసలు ఓటు హక్కు ఉండేది జాబితాలో. కార్డు మనిషిని గుర్తుపట్టడానికే. జాబితాలో పేరుండి కార్డు లేకపోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు లాంటివాటిలో ఏదో ఒకటి చూపి ఓటు వేయొచ్చు. చేతిలో కార్డుండి జాబితాలో పేరు లేకపోతే మాత్రం బూత్ నుంచి వెనక్కి రావాల్సిందే. బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇంటికి తెచ్చిచ్చే ఓటరు స్లిప్పు కూడా 2019 నుంచి గుర్తింపు పత్రంగా చెల్లదు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు విడిచి వెళ్లినవాళ్ల పేర్లు జాబితాలో ఎన్ని మిగిలితే దొంగ కార్డుకు అంత చోటు దొరుకుతుంది. అందుకే ఈ కథ జాబితా దగ్గరే మొదలవ్వాలి.

చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఓటు అందరిదీ కాదు. ఆస్తి, కట్టే పన్ను, చదువు చూసి ఇచ్చేవారు. స్త్రీలకు మద్రాసు శాసనమండలి 1921లోనే ఓటు ఒప్పుకుంది కానీ, అదే ఆస్తి షరతు మీద. రాజ్యాంగంలోని 326వ అధికరణం వచ్చాక 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. కోట్ల పేర్లు మొదటిసారి రాయాల్సి వచ్చినప్పుడు చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కూతురు అని రాయించారు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదును ఒప్పుకోలేదు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. కఠినమైన నిర్ణయమే. కానీ సొంత పేరు లేని ఓటు ఎవరి చేతిలోనైనా పడుతుందన్న ఆయన భయంలో న్యాయం ఉంది. తర్వాతి ఎన్నికలకు ఆ లోటు చాలావరకు పూడింది.

1952లో ఓటు వేసిన తీరు నేటివాళ్లకు వింతగా ఉంటుంది. బూత్ లోపల ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద ఆ అభ్యర్థి గుర్తు. ఓటరు చీటీ మీద ఏ ముద్రా వేయక్కర్లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. చదువురాని ఓటరుకు ఇది తేలిక. అమ్ముకునేవాడికీ అంతే తేలిక. చీటీని పెట్టెలో వేయకుండా మడిచి జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి ఇస్తే, కొన్నవాడు వాటిని పోగేసి చివర్లో తన మనిషి చేత ఒకే పెట్టెలో వేయించగలడు. ఈ లోపం కనిపెట్టాకే అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద అచ్చువేసి, రబ్బరు ముద్ర కొట్టించి, ఒకే పెట్టెలో వేయించే పద్ధతి తెచ్చారు. 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి అది స్థిరపడింది. మైసూరు పెయింట్స్ కర్మాగారంలో తయారైన చెరగని సిరా ఎడమచేతి చూపుడు వేలికి ఎక్కిందీ ఆ ఏడాదే.

యంత్రం ఒక్క రోజులో రాలేదు. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో ఈవీఎం వాడారు. చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను కొట్టేసింది. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61ఏ సెక్షన్ చేరింది. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా ఈవీఎం మీదే ఓటు వేసింది. నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోకుండా యంత్రాన్ని కట్టడి చేయడానికి కారణం పాత బూత్ ఆక్రమణలే: కాగితాల మీద ముద్రలు కొట్టి గుట్టగా పెట్టెలో కుక్కే పని యంత్రం మీద సాగదు. 2013లో ఎవరికీ వేయననే నోటా, అదే ఏడాది నాగాలాండ్‌లోని నొక్సెన్ ఉపఎన్నికలో ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ మీద చూపే వీవీప్యాట్ వచ్చాయి. ఓటు వేశాక ఆ చీటీ ఏడు సెకన్లే కనిపిస్తుంది. పోలింగ్ అధికారి వైపు తిరగకుండా అద్దం వైపే చూస్తూ గుర్తు సరిపోల్చుకోవాలి.

ఇక నేటి నమోదు. 1989లో ఓటు వయసు 18కి తగ్గింది. జనవరి 1 ఒక్కటే అర్హత తేదీగా ఉండడం వల్ల జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాదంతా ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా కలిశాయి. 17 నిండినవాళ్లు ముందే ఫారం-6 ఇచ్చి ఉంచొచ్చు. ఫారం-6 కొత్త ఓటుకే. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం-8 ఇవ్వాలి.

తిరుపతిలో ఎక్కువ ఓట్లు గల్లంతయ్యేది ఈ రెండు ఫారాల మధ్యే. తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట తిరుపతి రూరల్ మండలంలోవి కాబట్టి చంద్రగిరి అసెంబ్లీ కిందికి, అక్కణ్నుంచి చిత్తూరు లోక్‌సభ కిందికి పోతాయి. టౌను ఓటు తిరుపతి అసెంబ్లీకి, తిరుపతి లోక్‌సభకు. ఆటోలో పది నిమిషాల దూరం ఇల్లు మారితే ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరూ మారిపోతారు. అలా మారినవాళ్లు ఫారం-8 బదులు మళ్లీ ఫారం-6 పెట్టి, పాత ఓటు లేదని సంతకం చేస్తారు. అప్పుడు రెండుచోట్లా పేరుంటుంది. అది చట్టరీత్యా నేరం, అబద్ధపు ధ్రువీకరణకు ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. ఫారం-8 ఇస్తే పాత చోట పేరు తీసేసి కొత్త చోట చేరుస్తారు, ఎపిక్ నంబరు మారదు.

చిరునామా రుజువు అద్దె ఇళ్లవాళ్లకు పెద్ద తలనొప్పి. రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం అడుగుతారు, అది రాసిచ్చే ఇంటి యజమానులు తక్కువ. అయినా దరఖాస్తు అక్కడితో ఆగిపోనక్కర్లేదు; ఫారంలో చెప్పిన పత్రాలేవీ లేకపోతే బీఎల్వో ఇంటికొచ్చి విచారించి నిర్ధారించాలి. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ హాస్టళ్ల విద్యార్థులు ఓటు సొంతూళ్లో ఉంచుకోవచ్చు, లేదా సంస్థ అధిపతి సంతకం చేసిన ధ్రువీకరణతో హాస్టల్ చిరునామాకే మార్చుకోవచ్చు. రెండింట్లో ఒక్కటే. ఇల్లే లేనివాళ్లకూ ఓటుంది. వాళ్లు చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నారా అని బీఎల్వో రాత్రిపూట వచ్చి చూడాలి, చిరునామా కాగితం అడగకూడదు. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల, సత్రాల అరుగుల మీద బతుకు వెళ్లదీసేవాళ్లున్న తిరుపతిలో ఈ నిబంధన చాలామందికి తెలియకపోవడం బాధాకరం.

పేరు తీసేయించడానికి ఫారం-7. 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఫారాలు లక్షల్లో వచ్చిపడ్డాయి. చాలావాటిలో అర్జీదారుగా ఉన్న మనిషికి తాను అర్జీ పెట్టిన సంగతే తెలియదు. కేసులు నమోదయ్యాయి. ఫారం-7 ఇచ్చేవారికి అదే నియోజకవర్గంలో ఓటు ఉండాలి, అవతలి మనిషికి నోటీసిచ్చి ఆయన చెప్పేది వినకుండా పేరు తీయకూడదు. అన్యాయంగా తీస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కుదరకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. అయితే నామినేషన్ల చివరి రోజు దాటాక ఆ ఎన్నికకు జాబితాలో ఏ మార్పూ ఉండదు. కాబట్టి ఎన్నికల ప్రకటన రాకముందే ఎన్నికల సంఘం యాప్‌లోనో, 1950కి ఫోన్ చేసో పేరు చూసుకోవాలి.

జాబితాలో పేరుండీ బూత్ దాకా పోనివ్వని పరిస్థితికి చంద్రగిరే సాక్ష్యం. 2019 ఏప్రిల్ 11 పోలింగ్‌లో ఎస్సీలను ఓటు వేయనివ్వలేదన్న ఫిర్యాదుల మీద ఎన్.ఆర్. కమ్మపల్లి, పులివర్తివారిపల్లి సహా 5 కేంద్రాల్లో రీపోలింగ్‌కు ఎన్నికల సంఘం ఆదేశించింది, తర్వాత మరో 2 కలిపింది. మే 19న మళ్లీ ఓటు వేశారు.

బూత్‌కు వెళ్లేసరికి తమ ఓటు ఎవరో వేసేశారని తెలిస్తే చాలామంది తిట్టుకుంటూ తిరిగొస్తారు. రాకూడదు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగాలి. తాను ఫలానా అని రుజువు చేసుకున్నాక కాగితపు బ్యాలెట్ ఇస్తారు, ముద్ర వేసి ఇస్తే కవర్లో భద్రపరుస్తారు. దాన్ని మామూలు లెక్కింపులో కలపరు. కానీ మెజారిటీ స్వల్పంగా ఉండి కేసు హైకోర్టుకు వెళ్తే అది సాక్ష్యం, పైగా ఆ బూత్‌లో దొంగ ఓటు పడిందనడానికి రికార్డు. అవతలి మనిషి దొంగ ఓటరని అక్కడికక్కడే అనుమానం వస్తే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు.

బూత్‌కు రాలేనివాళ్ల దారులు వేరు. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఫారం-12డీ ఇస్తే సిబ్బంది ఇంటికే వస్తారు. అది ఒప్పుకున్నాక మాత్రం బూత్‌లో వేయడం కుదరదు. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు తమ కోసం పెట్టిన ఫెసిలిటేషన్ సెంటర్‌లో పోస్టల్ బ్యాలెట్ వేస్తారు. వాటిలో చెల్లనివి ఎక్కువగా 13ఏ ధ్రువీకరణ (ఈ ఓటు నాదేనని ఓటరు సంతకం చేసే పత్రం) దగ్గరే పోతాయి: గెజిటెడ్ అధికారి సంతకం లేకపోవడం, బ్యాలెట్ క్రమసంఖ్య తప్పు రాయడం, 13ఏను బ్యాలెట్ ఉన్న 13బీ కవర్లోనే పెట్టి అంటించడం. లెక్కింపులో ముందు 13ఏనే చూస్తారు, అది సరిగా లేకపోతే లోపలి కవరు తెరవరు. 2024లో అధికారి సంతకముండి సీలు లేనివి చెల్లుతాయా అన్న వివాదం మన రాష్ట్రంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఇవన్నీ అసెంబ్లీ, లోక్‌సభ సంగతులు. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయినా తొలి ఎన్నిక 2021 మార్చి 10న గానీ జరగలేదు. అది రాష్ట్ర ఎన్నికల సంఘం చూసే ఎన్నిక. అదే ఏడాది పంచాయతీల్లో కాగితం, స్వస్తిక్ ముద్ర, ఉక్కు పెట్టె మళ్లీ కనిపించాయి. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉమ్మడి జిల్లాల తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికైతే జాబితాయే వేరు. పాతది పనికిరాదు, ప్రతిసారీ ఫారం-18 కొత్తగా ఇవ్వాలి, నవంబర్ 1 నాటికి డిగ్రీ పాసై మూడేళ్లు నిండి ఉండాలి. బూత్‌లో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే అభ్యర్థుల పక్కన ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సొంత పెన్ను వాడినా, సంతకం చేసినా, 1 అంకె లేకపోయినా ఆ ఓటు చెల్లదు.