అడవి నరికితే వాన తగ్గుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వర్షపాతం లెక్కలు చూడటం నా పని. అమెజాన్ అడవుల మాట వచ్చినప్పుడల్లా ఇవే వాదనలు వింటుంటాను.

అపోహ: చెట్లు మేఘాలను లాక్కొస్తాయి.

వాస్తవం: చిరపుంజి చుట్టూ కొండలు చాలావరకు బోడివే. అయినా 1860-61లో పన్నెండు నెలల్లో అక్కడ కురిసిన 26,461 మిల్లీమీటర్లు నేటికీ ప్రపంచ రికార్డు. తేమగాలి కొండను ఢీకొని పైకి లేస్తే చాలు, వానకు చెట్టుతో పని లేదు. అడవి చేసేది వేరు. కురిసిన నీటిని వేళ్లతో తోడి, ఆకుల గుండా మళ్లీ గాలికి అప్పగిస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న నేలకు ఆ నీరే రెండో వాన, మూడో వాన.

అపోహ: ఇదంతా ఊహ.

వాస్తవం: 1979లో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనేయాస్ సలాటి బృందం వాననీటిలోని ఆక్సిజన్‌ను తూచింది. బరువైన ఆక్సిజన్ ఉన్న నీరు ముందుగా కురిసిపోతుంది కాబట్టి, తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వాననీరు తేలికవ్వాలి. అమెజాన్‌లో అనుకున్నంత తేలిక కాలేదు. ఆకులు బరువైన నీటిని కూడా తిరిగి గాలిలో కలుపుతున్నాయన్నమాట. నాకు ఈ రంగంలో ఇంతకంటే అందమైన రుజువు కనిపించలేదు.

అపోహ: నరికినచోట వాన పెరిగింది కదా!

వాస్తవం: ఇది పూర్తిగా అబద్ధం కాదు. అడవి మధ్య చిన్న ఖాళీ త్వరగా వేడెక్కి, గాలి పైకి లేచి, దాని మీద మబ్బు కడుతుంది. కానీ బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో నరికివేత పెద్ద మేర పాకాక, వానలు తక్కువగా ఉండే నెలల్లో గాలి వచ్చే ఆగ్నేయం వైపు వాన తగ్గి, గాలి పోయే వాయవ్యం వైపు పెరిగింది. ఒక్క వర్షమాపకం చూసి తీర్పు చెప్పేవారు ఇక్కడే బోల్తా పడతారు. ఉష్ణమండల అడవులపై 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 200 కిలోమీటర్ల పొడవు, వెడల్పు ఉన్న ప్రాంతాల స్థాయిలో చూస్తే అడవి ఒక్క శాతం తగ్గినప్పుడు నెలకు సుమారు 0.25 మిల్లీమీటర్ల వాన తగ్గుతోంది.

అపోహ: అడవి నరికి వేసే గడ్డి, సోయా కూడా పచ్చనివే.

వాస్తవం: తూర్పు అమెజాన్ చెట్ల వేళ్లు 8 మీటర్ల కిందికి కూడా దిగుతాయి. వానలు లేని నెలల్లోనూ నీరు తోడతాయి. గడ్డికి ఆ లోతు లేదు. దక్షిణ అమెజాన్‌లో రుతుపవనం పూర్తిగా అందుకోకముందే గాలిలో తేమ నింపి తొలకరిని పిలిచేది ఆ అడవే. అది పోయినచోట వానలు ఆలస్యమవుతున్నాయి. ఏడాది మొత్తం వాన లెక్క ఒక్కటే చూస్తే ఈ ఆలస్యం కనిపించదు. సోయా కోశాక అదే చేలో మొక్కజొన్న వేసే రైతుకు మాత్రం, విత్తనం ఎంత ఆలస్యమైతే రెండో పంటకు అన్ని తడి రోజులు తక్కువ.